సీసాలో తోకకప్ప

కరీంనగర్ దగ్గరి పల్లె బడిలో సైన్సు చెబుతాను. 'ఆహారపు గొలుసు' పాఠాన్ని బోర్డు మీద బాణాలు గీసి చెబితే పిల్లలు ఆవలిస్తారు. అందుకే ఒక వానాకాలం చెరువు నీళ్లు, తోకకప్పలు, ఓ తూనీగ పిల్ల తెచ్చి గాజుసీసాలో వేశాను. (తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయని మనలో ఎందరికి తెలుసు?) బాగా కనబడాలని నాచు తీసేశాను.

చూస్తుండగానే ఆ పురుగు మడిచి ఉంచుకున్న కింది పెదవిని గాలంలా విసిరి తోకకప్పను పట్టేసింది. క్లాసంతా చప్పట్లు. ఒక పాప మాత్రం ఏడుపు మొహం పెట్టింది.

"చెర్ల ఉంటే నాచుల దాగేది గద టీచర్! సీసల ఏడికి పోతది?"

నాకు నోట మాట రాలేదు. సాయంత్రం మిగిలినవాటిని ఆ చెరువులోనే వదిలాం. అప్పట్నుంచి పాఠం గట్టు మీదే. నాచు తినే తోకకప్ప, దోమపిల్లల్ని తినే తూనీగ పిల్ల, కప్ప కోసం ఒంటికాలి మీద కాచుకున్న కొంగ... పిల్లలే వెతికి చూపిస్తారు.

కళ్లెదుట లేనివాటిని మాత్రం నోటితోనే చెబుతాను. రాబందుల సంగతి అలాంటిదే. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. దేశమంతటా అవి రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. మన ఆదిలాబాద్ బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనబడ్డాయంటే పిల్లలు నోళ్లు తెరిచారు.

ఆ పాపే మళ్లీ లేచింది. "మొన్న మా బర్రెకు సూదేసిన్రు టీచర్. ఏం మందో ఇంటికి పోయి అడుగుత."