కళాశాల విడిచి వ్యాపారమున దిగవచ్చునా?

గత దీపావళి సెలవులలో మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. అతడు పదవ తరగతి వరకు మన వద్ద తెలుగు మాధ్యమమున చదివి, జూనియర్ కళాశాల ముగించి, బి.కాం. మొదటి సంవత్సరము పూర్తిచేసినవాడు. తండ్రి తువ్వాళ్ళు నేయు ఒక కార్ఖానాలో పనివాడు. కుశలప్రశ్నలైన పిమ్మట అతడు, "సార్! కళాశాల మానివేయదలచినాను. నాలుగు మరమగ్గములు కొని సొంతముగా తువ్వాళ్ళు నేయించి అమ్ముదును. బిల్ గేట్సు చదువు మానలేదా? మీరు నాన్నకు ఒక మాట చెప్పవలెను" అనెను.

నేను వెంటనే ఔననలేదు, కాదనలేదు. నాడు మేమిరువురము రెండు గంటలసేపు కూర్చుండి ఆలోచించిన విషయములనే ఇచట క్రమముగా వ్రాయుచున్నాను. నేడు తొమ్మిది, పది తరగతులలో నున్న మీలో కొందరికైనను రేపు ఈ ప్రశ్న ఎదురు కాకమానదు.

మొదట ఒక మాట. వ్యాపారము చదువుకంటె తక్కువదని తలంచువాడను నేను కాను. మన షోలాపూరు నగరము మగ్గము మీద పెరిగినది. తెలంగాణమునుండి వలసవచ్చిన మన పూర్వులు కళాశాల ముఖమెరుగరు. అయినను చేతిపనినే పెట్టుబడిగా చేసికొని, కొందరు కూలివారుగా మొదలై కార్ఖానాదారులైరి. షోలాపూరు దుప్పటికి వచ్చిన పేరు వారి చెమటతో వచ్చినదే. కావున వ్యాపారము మంచిదా, చదువు మంచిదా అనునది ఇచట ప్రశ్న కాదు. చేతనున్న చదువును నడుమ విడిచి, నేడే వ్యాపారమున దిగవలెనా అనునదే ప్రశ్న.

ఇట్టి సందర్భమున అందరును చెప్పు ఉదాహరణములు కొన్ని కలవు. వాటిని శ్రద్ధతో పరిశీలింతము. బిల్ గేట్సు 1975లో హార్వర్డు విశ్వవిద్యాలయమును విడిచి, పాల్ ఆలెన్ అను మిత్రునితో కలిసి మైక్రోసాఫ్టు సంస్థను స్థాపించెను. ఇంతవరకు అందరికిని తెలియును. కాని ఆయన పాఠశాలలో చదువునప్పుడే, 1968నుండియే, కంప్యూటరుపై పనిచేయ నేర్చెను. కళాశాల విడుచు నాటికి ఆయనకు ఏడేండ్ల అనుభవము కలదు. మరియు ఆల్టెయిరు అను చిన్న కంప్యూటరును తయారుచేసిన సంస్థ వీరి ప్రోగ్రామును తీసికొనుటకు ముందుకువచ్చినది. అనగా కొనువాడు దొరకిన పిమ్మటనే ఆయన చదువు మానెను. మానినప్పుడును సెలవు తీసికొనెనేగాని తిరిగి వచ్చు త్రోవను మూసివేయలేదు.

మైకేల్ డెల్ కథయు ఇట్టిదే. ఆయన 1984లో టెక్సాసు విశ్వవిద్యాలయపు వసతిగృహములోని తన గదిలోనే కంప్యూటర్లను బాగుచేసి అమ్మసాగెను. వేయి డాలర్ల మూలధనముతో సంస్థను నమోదు చేయించెను. అమ్మకములు జోరందుకొనిన పిమ్మటనే కళాశాలను విడిచెను. మార్క్ జుకర్‌బర్గు 2004 ఫిబ్రవరిలో హార్వర్డులో ఫేస్‌బుక్కును ప్రారంభించెను. ఆ సంవత్సరాంతమునకు దానిని వాడువారు సుమారు పది లక్షలైరి. ఈ మువ్వురిలో ఎవరును "చదువు మానెదను, పిమ్మట ఏమి చేయవలెనో చూచుకొందును" అనుకొనలేదు. వ్యాపారము పరుగెత్తుచుండగా చదువు వెనుకబడినది. ఈ క్రమమును మనవారు తలక్రిందులు చేసికొనుచున్నారు.

మన దేశపు ఉదాహరణములను కూడ చూతము. అజీం ప్రేమ్‌జీ 1966లో తన ఇరువదియొకటవ యేట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమును విడిచివచ్చెను. ఆయన కోరి విడువలేదు. తండ్రి అకస్మాత్తుగా మరణించుటచే, మన మహారాష్ట్రములోని అమల్నేరులో నున్న వనస్పతి నూనెల కర్మాగారమును చూచుకొనవలసి వచ్చెను. ఆ కర్మాగారము 1945లోనే స్థాపింపబడినది. ఆ సంస్థయే నేటి విప్రో. గొప్ప ధనవంతుడైన తరువాత కూడ ఆయన, మూడు దశాబ్దములు గడచినను, మిగిలిన చదువును పూర్తిచేసి పట్టము పుచ్చుకొనెను. ఇక ఓయో హోటళ్ళ సంస్థను 2013లో ప్రారంభించిన రితేశ్ అగర్వాలు ఒడిశాలోని రాయగడ ప్రాంతమువాడు. అచట మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. ఆయన ఢిల్లీలో కళాశాల విడిచిన మాట నిజము. కాని 2013లో ఆయనకు థీల్ ఫెలోషిప్ అను సహాయము లభించెను. యువకులు చదువు ప్రక్కన పెట్టి తమ పని చేసికొనుటకు ఆ కాలమున లక్ష డాలర్లిచ్చు వేతనమది. ఆ ధనము తిరిగి తీర్చవలసిన అప్పు కాదు. నాలుగు మరమగ్గములకై వడ్డీకి తెచ్చు ధనమునకును దీనికిని గల భేదమును మీరే గ్రహింపగలరు.

పూచిన పూవులన్నియు కాయలు కావు. చదువు మాని గెలిచినవారి కథలు పుస్తకములకెక్కును. ఓడినవారి కథలను ఎవరును వ్రాయరు. బ్రతికి బట్టకట్టినవారిని మాత్రమే లెక్కించి, త్రోవ సుగమమని చెప్పుట పొరపాటు. ఎలిజబెత్ హోమ్సు అను యువతి పందొమ్మిదవ యేట, 2003లో, థెరనోసు అను సంస్థను స్థాపించి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమును విడిచెను. వ్రేలినుండి తీసిన కొన్ని రక్తపు బొట్లతోనే అనేక పరీక్షలు చేయు యంత్రమును నిర్మించితినని ప్రకటించెను. ఆ యంత్రము చెప్పినట్లు పనిచేయలేదు. పెట్టుబడిదారులను మోసగించిన నేరము 2022లో రుజువై, ఆమెకు పదునొకండేండ్లకు పైబడిన కారాగారశిక్ష విధింపబడెను. ఆమె నేరము చదువు మానుట కాదు, అసత్యమాడుట. అయినను, తెలియవలసిన శాస్త్రము తెలియక ముందే లోకమునకు మాట యిచ్చినవాడు ఎట్టి త్రోవ పట్టునో ఆ కథ చెప్పుచున్నది.

దీనికి ఎదురుగా మరియొక జీవితమును చూడుడు. కల్లం అంజిరెడ్డి గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుమారుడు. ముంబయిలో ఔషధశాస్త్రము చదివి, పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి డాక్టరేటు పొందెను. పిమ్మట హైదరాబాదులోని ప్రభుత్వ ఔషధ సంస్థలో పనిచేసి, మందులు ఎట్లు తయారగునో చేతులారా నేర్చుకొనెను. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించు నాటికి ఆయన నలువది యేండ్లు దాటినవాడు. ఆ చదువుగాని ఆ ఉద్యోగముగాని వ్యర్థమయ్యెనని ఎవరనగలరు? అవియే ఆయన మూలధనము.

అట్లయిన ఎప్పుడు విడువవచ్చును, ఎప్పుడు విడువరాదు? దీనికి నాకు తోచిన మొదటి గీటురాయి ఇది: ఆ యవకాశము రెండేండ్లు ఆగునా, ఆగదా? 1975లో ఇంటింటికి పోగల చిన్న కంప్యూటరు అప్పుడే పుట్టినది. దానికి ప్రోగ్రాము వ్రాయు మొదటివాడు కావలెనన్న ఆ సంవత్సరమే వ్రాయవలెను. డిగ్రీ చేతికి వచ్చు వరకు ఆగినచో వేరొకరు ఆ స్థానమున కూర్చుందురు. తువ్వాలు అట్టిది కాదు. మనుష్యులు నేడు మొగము తుడుచుకొందురు; రెండేండ్ల తరువాతను తుడుచుకొందురు. ఆగినందువలన పోవునది స్వల్పమైనప్పుడు తొందరపడుటలో అర్థము లేదు.

రెండవ గీటురాయి లెక్క. నా శిష్యుడు, "నెలకు రెండు లక్షలు ఖర్చు; రెండు లక్షల ఇరువది వేలకు సరకు అమ్ముదును; ఇరువది వేలు లాభము" అనెను. లెక్క సరియైనదే అనుకొందము. కాని టోకు వర్తకుడు రొక్కమెప్పుడిచ్చునని అడిగితిని. మూడు నెలల అరువని చెప్పెను. అప్పుడు ఇరువురము కాగితముపై వ్రాసి చూచితిమి. మొదటి నెల నేసిన సరకు ఆ నెల చివర పోవును. దాని రొక్కము నాలుగవ నెల చివర చేతికి వచ్చును. ఈలోగా నూలుకు, కూలికి, విద్యుత్తుకు నెలకు రెండు లక్షల చొప్పున నాలుగు నెలలకు ఎనిమిది లక్షలు చేతినుండి పోవును. మగ్గముల వెల దీనికి అదనము. ఈ ఎనిమిది లక్షలను నూటికి సాలుకు పన్నెండు వడ్డీకి తెచ్చినచో నెలకు ఎనిమిది వేలు వడ్డీ. ఇరువది వేలలో మిగులునది పన్నెండు వేలు. అందులోనే మగ్గముల అప్పు వాయిదా కట్టవలెను, తాను తినవలెను. ఒక్క వర్తకుడు నెల ఆలస్యము చేసినను కూలి ఇచ్చుటకు రొక్కముండదు. లాభము పుస్తకములో నుండగానే వ్యాపారము మూతపడుట ఇట్లే జరుగును. ఆ కాగితమును అతడు చాలసేపు చూచుచు కూర్చుండెను.

అప్పు దొరకుట వేరు, తీర్చుట వేరు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకము క్రింద చిన్న వ్యాపారులకు ఆస్తి తాకట్టు లేకుండ బ్యాంకులు అప్పు ఇచ్చునట్లు ఏర్పాటు కలదు. అయినను అది దానము కాదు. అట్లే చట్టమును తెలిసికొనవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసికొన్న ఒప్పందము చెల్లదు. సొంత వ్యాపారమునగాని భాగస్వామ్యమునగాని నష్టము వచ్చినచో, అప్పులవారు దుకాణముతో ఆగక ఇంటివరకు రావచ్చును. కాబట్టి కుమారుడు చేయు సాహసమునకు తండ్రి యిల్లు పందెమగుచున్నదేమో చూచుకొనవలెను.

మూడవది, తిరిగివచ్చు త్రోవ. పూర్వము చదువు నడుమ ఆగినచో అంతవరకు చదివినదంతయు వ్యర్థమయ్యెడిది. 2020 నాటి జాతీయ విద్యావిధానము దీనిని కొంత మార్చినది. ఈ విధానమును అమలుపరచిన కళాశాలలలో ఒక సంవత్సరము చదివినవారికి సర్టిఫికెట్టు, రెండేండ్లు చదివినవారికి డిప్లొమా, మూడేండ్లు చదివినవారికి పట్టము ఇచ్చు పద్ధతి ఏర్పడినది. చదివిన చదువునకు లభించిన క్రెడిట్లను బ్యాంకులో ధనమువలె నిలువచేసి, పిదప చదువు కొనసాగించు ఏర్పాటు 2021లో వచ్చినది. కావున విడువక తప్పనివారు తమ కళాశాలలో ఈ నియమములు ఎట్లున్నవో కార్యాలయమున విచారించి, వ్రాతపూర్వకముగా సెలవు పొంది, కాగితములు భద్రపరచుకొని విడువవలెను. హాజరు మానివేసి మాయమగుట సెలవు కాదు. బాలికలు ఈ విషయమున మరింత జాగరూకత వహింపవలెను. చదువు ఆగిన బాలికకు తిరిగి కళాశాల ద్వారము తెరచుకొనుటకు మునుపే వివాహప్రయత్నములు మొదలగుట మన యిండ్లలో చూచుచునే యున్నాము.

ఇక చివరిదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు నగు గీటురాయి. లేచి వెళ్ళబోవుచున్న నా శిష్యుని, "కళాశాలలో పాఠములెట్లున్నవి?" అని అడిగితిని. అతడు తల వంచుకొనెను. కొంతసేపటికి, "సార్, పాఠము ఇంగ్లీషులో చెప్పుదురు. ప్రక్కవారు మరాఠీలో మాటలాడుకొందురు. సగము నాకు అర్థము కాదు. అడిగిన నవ్వుదురని అడుగను. రెండు పేపర్లు తప్పినాను. నాన్నకు చెప్పలేదు" అనెను.

అసలు సంగతి అదియే! అతడు వ్యాపారమునకు పోవుచుండలేదు, కళాశాలనుండి పారిపోవుచుండెను. ఇది అతని తప్పుగా నేనెంచను. మాతృభాషలో చదివి పైకి పోవు మన పిల్లలందరును దాటవలసిన యేరు ఇది. కాని ఇంగ్లీషు రాని బాధకు మందు ఇంగ్లీషు నేర్చుకొనుటయేగాని మరమగ్గములు కొనుట కాదు. అడుగ వెరచి పాఠము విడిచినవాడు, రేపు బాకీ యడుగ వెరచి రొక్కము విడువడా?

నా శిష్యుడు ఇప్పటికిని కళాశాలలోనే యున్నాడు. వారమునకు రెండు సాయంకాలములు మా యింటికి వచ్చి వాణిజ్యశాస్త్రపు ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థములు వ్రాసికొని పోవుచున్నాడు. తప్పిన పేపర్లలో ఒకటి గట్టెక్కినది. సెలవు దినములలో తండ్రి పనిచేయు కార్ఖానాలోనే లెక్కలు వ్రాయుచు, ఏ వర్తకుడు ఎన్నాళ్ళకు రొక్కమిచ్చునో ఒక పుస్తకములో గుర్తించుకొనుచున్నాడు. పట్టము వచ్చిన పిదప మగ్గములు కొనునో, ఉద్యోగమే చేయునో నేను చెప్పజాలను. అది అతడు నిర్ణయించుకొనవలసినది.

విద్యార్థులారా! మీకును ఇట్టి కోరిక పుట్టినచో దానిని అణచివేయకుడు. ఒక కాగితము తీసికొని నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు. కొనువాడు ఇప్పటికే దొరకెనా? ఈ యవకాశము చదువు ముగియువరకు ఆగదా? నష్టము వచ్చిన ఎవరి యిల్లు పోవును? నేను దేనికొరకో పోవుచున్నానా, దేనినుండియో పారిపోవుచున్నానా? మొదటి మూడింటికి సమాధానములను లోకము చెప్పును. నాల్గవదానికి సమాధానము మీకొక్కరికే తెలియును. దానిని నిజముగా వ్రాయుడు. ఆ కాగితమును తలిదండ్రులకు చూపుడు. అటుపిమ్మట మీరు కళాశాలలో నున్నను, దుకాణములో కూర్చున్నను, ఎవరివలెనో చేయబోయి చెడినవారని మిమ్ము ఎవరును అనజాలరు.