మనోవ్యాధిగ్రస్తుని ఇల్లు



జ్వరము వచ్చినవానికి మంచమువేసి పథ్యము పెట్టుదుము. మనస్సునకు జబ్బు చేసినవానిని మాత్రము అరుగుమీదికి నెట్టుదుము. అతడు పనిమానును, ఇంటిపన్ను కట్టుట మరచును, వచ్చిన నోటీసులు విప్పి చూడడు. అట్టి సమయముననే అయినవారిలో ఒకరు కాగితము తెచ్చి వ్రేలిముద్ర వేయించుకొందురు. జబ్బు కుదిరి లేచునప్పటికి ఇల్లుండదు. నిలువనీడ లేనివానికి వేళకు మందు వేయువారెవరు? తగ్గిన జబ్బు తిరుగబెట్టును.

చట్టము ఇట్టివాని పక్షముననే యున్నది. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, తన మేలుకీడులను గ్రహింపలేని స్థితిలో చేసిన ఒడంబడిక చెల్లదు. మతి స్థిమితముగా నున్నపుడు చేసినది మాత్రము చెల్లును. జబ్బు పేరున హక్కు పోదు. కుటుంబము విడిచిన రోగి తన కుటుంబపు ఇంట నివసించు హక్కును పొందుటకు ప్రభుత్వము తోడ్పడవలెనని 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 19వ సెక్షను, శాసించుచున్నది.

మొదట వైద్యము చేయింపుడు. 14416 నంబరునకు ఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకును. విశాఖపట్నమునను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. పిమ్మట దస్తావేజులను భద్రపరచి, బాకీపడిన పన్ను అతని పేరనే కట్టింపుడు. తగవు వచ్చినచో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టింపుడు; ఇట్టివారికి వకీలును ఉచితముగా నియమింతురు.

కడపటి మాట. సాక్షి సంతకమునకై ఎవరైనను మీకడకు వచ్చినపుడు, రోగిని దగ్గర కూర్చుండబెట్టుకొని, “నాయనా, ఇది ఏమి కాగితము?” అని అడుగుడు. అతడు చెప్పలేనిచో కలము క్రింద పెట్టుడు.