మేళము ముగిసిన పిదప చెవిలో మిగిలిన మ్రోత



నేను వైద్యుడను కాను. హైదరాబాదు పాతనగరమున, లాడ్ బజారులో గాజుల అంగడి నడుపుకొనువాడను. మేళతాళములన్న నాకు చిన్ననాటినుండి పిచ్చి. ఆ పిచ్చివలన నా చెవులకు వచ్చిన చిక్కును, దానినిగూర్చి వైద్యులవలనను గ్రంథములవలనను నేను తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించుటకై ఈ ప్రసంగము చేయుచున్నాను. మీ యూళ్లలో పెండ్లిండ్లు, జాతరలు, ఉత్సవములు మీ మాటమీదనే నడచును. కనుక ఈ సంగతులు ముందుగా మీకే చెప్పదగినవి.

మా బజారు నెరుగనివారికి రెండు మాటలు. చార్మినారు 1591లో కట్టబడినది. దాని పడమటి ప్రక్కనుండి బయలుదేరు ఇరుకు వీథియే లాడ్ బజారు. లక్కను నిప్పులమీద మెత్తబరచి, గాజుగా వంచి, వేడి యారకమునుపే రాళ్లు పొదుగు పనివారు ఈ చుట్టుప్రక్కల నేటికిని కలరు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పెండ్లి కుదిరిన యింటివారు ఒకమారైనను మా వీథి త్రొక్కక మానరు. కావున పెండ్లిమేళము మాకు దూరపు వస్తువు కాదు.

పాతనగరపు మేళములలో మర్ఫాకు ప్రత్యేకస్థానము కలదు. నిజాముల సైన్యములలో కొలువుచేయ వచ్చిన హద్రమౌతు ప్రాంతపు అరబ్బులును, ఆఫ్రికా సంతతివారగు సిద్దీలును దీనిని ఇచ్చట నాటిరి. మర్ఫా, డఫ్ అను వాద్యములతో ఉక్కుబిందెలను గూడ చేర్చి, కఱ్ఱలతో వాయింతురు. నేడు మతభేదము లేక పాతనగరపు పెండ్లిండ్లలో ఇది వినవచ్చును. బరాత్ సాగునపుడు వాద్యగాండ్రకు మూరెడు దూరమున నడచుట నాకు గొప్ప. పిమ్మట పెద్ద పెద్ద లౌడుస్పీకరులు మోయు బండ్లు వచ్చినవి. వాని యెదుట నిలిచిన రొమ్ము అదరును. ఆ యదురే నాకు ఆనందము.

ప్రతి బరాత్ తరువాత ఆ రాత్రి నా చెవులు దిమ్మెక్కియుండెడివి. సన్నని కూత యొకటి వినవచ్చి, తెల్లవారుసరికి పోయెడిది. పోవుచున్నది గదా యని నేను లెక్కచేయలేదు. 40 ఏండ్లు దాటిన పిదప ఒకనాటి వేకువన మేల్కొనగా కూత పోలేదు. ఎవరి యింటిలోనో యంత్రము నడచుచున్నదనుకొని నా భార్యను లేపి, “ఆ కూత నీకు వినబడుచున్నదా?” అని అడిగితిని. ఆమె చెవియొగ్గి, “ఏమీ లేదండీ, వీథి అంతా నిశ్శబ్దంగా ఉంది” అనెను. నాటినుండి నేటివరకు నాకు నిశ్శబ్దమనునది లేదు.

అంగడిలో మరియొక వింత మొదలైనది. మా చుట్టుప్రక్కల వెండిరేకును తోలుపొత్తముల నడుమ నుంచి సుత్తెతో సాగగొట్టు వరఖు పనివారుండిరి. వారి సుత్తెదెబ్బలు నాకెప్పటివలెనే వినబడెడివి. కాని నా చేతిలోని మట్టిగాజుల సన్నని గలగల మాత్రము వినబడుట మానెను. ఒక యమ్మ “పచ్చవి చూపండి” అనగా, నేను “పక్కవి” అని విని ప్రక్క వరుసలోని యెఱ్ఱగాజులు తీసి చూపితిని. ఆమె నవ్వెను, నాకు నవ్వు రాలేదు. గాజుల మ్రోత వినలేని గాజులవాడు ఇంక దేనికి పనికివచ్చునని ఆ రాత్రి దుఃఖించితిని.

వైద్యుడు నన్ను శబ్దము సోకని గదిలో కూర్చుండబెట్టి, హెచ్చుతగ్గు స్వరములు వినిపించి, నా వినికిడిని కాగితముమీద గీతగా గీసెను. మంద్రస్వరములవద్ద గీత సరిగానే యున్నది. సెకండుకు 4,000 కంపనములు గల హెచ్చుస్వరమువద్ద గోతిలో పడినట్లు దిగిపోయినది. పెద్ద శబ్దములవలన చెడిన చెవికి ఇది సామాన్యముగా కనబడు గుర్తట. సుత్తెదెబ్బ మంద్రము, గాజుల గలగల హెచ్చు. మాటలలో స, చ, త, క వంటి హల్లులను వేరుపరచునది ఆ హెచ్చుస్వరములే. “మాట వినబడుచున్నది గాని తెలియుటలేదు” అని వృద్ధులు చెప్పుటకు కారణము సాధారణముగా నిదియే.

చెవి పనిచేయు విధమును కొంచెము చెప్పెదను. శబ్దము చెవిగూబను కదల్చును. ఆ కదలిక మూడు చిన్న యెముకలద్వారా లోపల నత్తగుల్లవలె చుట్టుకొనియున్న యొక గదిని చేరును. అందు నీరు నిండియుండును. ఆ నీటియందు, తలపై వెండ్రుకలవంటి మొనలు గల సూక్ష్మకణములు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 గలవు. నీటి కదలికకు ఆ మొనలు వంగగా, ఆ వార్త నరముద్వారా మెదడునకు పోవును. వరిచేనిని తలచుకొనుడు. పిల్లగాలికి వెన్ను వంగి మరల లేచును. తుపానుగాలికి పడిపోయిన పైరు లేవదు. ఆ కణములును అట్టివే. చేనినైన మరల నాటవచ్చును. మనుష్యుని చెవిలో ఈ కణములు మరల మొలవవు.

మరి లేని కూత ఎట్లు వినవచ్చును? మీ యింటి రేడియోనే చూడుడు. స్టేషను అందనపుడు దాని గొంతు పెంచినచో హోరు బయలుదేరును. చెవినుండి రావలసిన వార్త తగ్గినపుడు మెదడును అట్లే తన గొంతు పెంచుకొనుననియు, ఆ హోరే మనకు కూతగా, ఈలగా, కీచురాయి అరపుగా తోచుననియు శాస్త్రజ్ఞులు పలువురు చెప్పుచున్నారు. ఇంగ్లీషువారు దీనిని టిన్నిటస్ అందురు. ఇది పిచ్చియు కాదు, గాలిచేష్టయు కాదు.

ఇది క్రొత్త వ్యాధియు కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 28 కర్ణరోగములు చెప్పబడినవి. అందు కర్ణనాదమును, బాధిర్యమును వేరువేరుగా పేర్కొనబడినవి. 18వ శతాబ్ది యారంభమున ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని, వెనిసు నగరమున రాగిపాత్రలు సాగగొట్టువారు చెవిటివారగుచున్నారని వ్రాసెను. జర్మను సంగీతకర్త బీథోవెన్ తన చెవులు రేయింబవళ్లు మ్రోగుచున్నవని 1801లో తన వైద్యమిత్రునకు లేఖ వ్రాసెను. చెకు దేశపు స్మెతానా 1874లో చెవిటివాడై, 1876లో రచించిన తంత్రీవాద్యరచన చివరిభాగమున, తన చెవిలో మ్రోగిన ఆ హెచ్చుస్వరమునే చేర్చెను. వీరిరువురి చెవుడు పెద్ద శబ్దములవలన వచ్చినది కాదు. అయినను సంగీతమే ప్రాణమైనవారు ఈ బాధతో బ్రదికి పనిచేసిరని తెలిసి నాకు ధైర్యము కలిగినది.

ఇక ఎంత శబ్దము హానికరము? శబ్దమును డెసిబెళ్లతో కొలుతురు. 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదని వైద్యులు పెట్టుకొన్న హద్దు. ప్రతి 3 డెసిబెళ్లకు శబ్దపు శక్తి రెట్టింపగును గనుక వినదగిన కాలము సగమగును. 88 కి 4 గంటలు. 91 కి 2 గంటలు. 100 కి పావుగంట మాత్రమే. పెద్ద లౌడుస్పీకరుల యెదుట 100 దాటుట అరుదు కాదు. కొలుచు యంత్రము లేనివారికి ఒక గుర్తు చెప్పెదను: చేయి చాచిన దూరమున నున్నవానితో అరచి మాటాడవలసివచ్చినచో ఆ శబ్దము చెవికి చేటని యెరుగుడు.

దూరము చెవికి మంచి మందు. బయలుప్రదేశమున దూరము రెట్టింపైనచో శబ్దపు శక్తి సుమారు నాలుగవ వంతునకు దిగును. కాని మా లాడ్ బజారు వంటి ఇరుకు వీథిలో, ఇరువైపుల గోడలు శబ్దమును త్రిప్పికొట్టుటచేత అంతగా తగ్గదు. మీ యూరి సందులలోను ఇంతే. కనుక మేళమును సందులో నిలుపక బయట నిలుపుట మేలు.

చెవిహోరుకు కారణము పెద్ద శబ్దమొక్కటే కాదు. గుబిలి గట్టిపడినను, చీము పట్టినను, కొన్ని మందులు వాడినను రావచ్చును. అందుచేత ముందుగా వైద్యుని చూడవలెను. ఆకుపసరులు, కాచిన నూనెలు పోయుట, పుల్లలతో గెలుకుట తగదు. అకస్మాత్తుగా ఒక చెవి వినబడుట మానినచో ఒక్కదినమైనను ఆగరాదు. మొదటి కొద్దిదినములలో చికిత్స చేసిననే వినికిడి తిరిగివచ్చు ఆశ హెచ్చు. ఒక్క చెవిలోనే హోరున్నను, నాడితోపాటు దడదడ కొట్టుకొన్నను, తల తిరుగుచున్నను అశ్రద్ధ చేయరాదు. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వపు చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండిన అలీ యావర్ జంగ్ గారి పేర 1983లో బొంబాయిలో వెలసిన వినికిడి సంస్థకు సికిందరాబాదులో శాఖ కలదు.

ఈ కూతను నిలుపు మాత్ర ఇంతవరకు లేదు. కాని దీనితో సుఖముగా బ్రదుకవచ్చును. నేను చేయుచున్నది చెప్పెదను. పూర్తి నిశ్శబ్దమున కూత పెద్దదగును. కనుక రాత్రి పంకా చప్పుడో, రేడియో మెల్లని పాటయో ఉంచుకొందును. వినికిడి యంత్రము పెట్టుకొన్న పిదప మాటలు తెలియుటయే కాక కూతయు తగ్గినట్లు తోచినది. కూతను శత్రువుగా నెంచి దానినే వినుచు కూర్చున్నంతకాలము అది పెరిగినది. వైద్యుని ఆలోచనమీద దానిని వీథిలోని చప్పుళ్లలో నొకటిగా నెంచ నేర్చుకొంటిని. ఇప్పుడు గంటలకొలది అది జ్ఞప్తికే రాదు.

నా కుమార్తె పెండ్లి వచ్చినపుడు మేళమే వద్దంటిని. ఆమె, “నాన్నా, మేళం లేని పెండ్లి మీరు చూడగలరా?” అని అడిగెను. చూడలేనని నాకును తెలియును. కావున లౌడుస్పీకరుల బండి మాని, మర్ఫా మాత్రము పిలిపించితిమి. వాద్యగాండ్రు ఇరువది యడుగుల ముందు నడచిరి. పసిపిల్లలను వెనుక నుంచితిమి. పావుగంటకొకమారు మేళము ఆపి అందరికిని షర్బతు ఇచ్చితిమి. వాద్యగాండ్ర బ్రదుకంతయు ఆ శబ్దములోనే గనుక వారికి చెవిబిరడాలు కొని యిచ్చితిని. దూది చాలదు, సంగీతము చెడకుండ శబ్దమును సమముగా తగ్గించు బిరడాలు దొరకును. నేనును అవి పెట్టుకొని, తాళము తప్పకుండ నడచితిని. ఎవరికిని మేళము తక్కువైనట్లు తోచలేదు.

చట్టమును మీకు తోడున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బయట లౌడుస్పీకరు వాడరాదు. ఉత్సవములకై ప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ, అర్ధరాత్రివరకు మాత్రమే సడలింపవచ్చును. మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను హైదరాబాదు నగర పోలీసులు 2024లో నిషేధించిరి. అయినను ఊరిలో చట్టముకంటె ముందు పెద్దలమాట పనిచేయును.

మేళములు మానుడని నేను చెప్పను. లౌడుస్పీకరులకు ఎదురుగా తాటాకుపందిటిలో చంటిబిడ్డను పట్టుకొని నిలిచిన తల్లిని చూచినచో, “అమ్మా, కొంచెము దూరముగా రమ్ము” అని ఒక్కమాట చెప్పుడు. నాకు ఆ మాట చెప్పినవారు లేకపోయిరి. నా కుమార్తె చేతి గాజులు ఇప్పుడు యంత్రము పెట్టుకొన్ననే నాకు వినబడును. మీ బిడ్డలకు వారి బిడ్డల గాజులు ఊరకయే వినబడుగాక.