చదరంగమున బాలికల స్థానము

2004వ సంవత్సరమున కొచ్చి నగరమున జరిగిన ప్రపంచ జూనియరు చదరంగపు పోటీలలో గుంటూరున జన్మించిన పెంటేల హరికృష్ణ విజేతయై ఆంధ్రులకు కీర్తి గూర్చెను. ఆ విజయము సర్వవిధముల కొనియాడదగినది. అయినను ఆ పోటీలలోనే పాల్గొనిన మఱియొక తెలుగుబిడ్డను గూర్చి మా పాఠకులు విశేషముగా ఆలోచింపవలెనని మా కోరిక.

గుడివాడలో జన్మించిన కోనేరు హంపి ఆ యేడు బాలికల విభాగమును వదలి, యువకులతో తలపడు ఓపెను విభాగమున ప్రవేశించెను. 13 ఆటలలో 8½ పాయింట్లు గడించి అయిదవ స్థానమున మఱికొందఱితో సమముగ నిలిచెను. సమానులలో తారతమ్యము నిర్ణయించినపుడు ఆమెకు పదవ స్థానము లభించెను.

పదవ స్థానమున కింత ప్రశంస యేలయని కొంద ఱడుగవచ్చును. ఆమె 2001లోనే ఏథెన్సున బాలికల ప్రపంచ జూనియరు విజేత. 2002లో, 15 ఏండ్ల ప్రాయమున, పురుషులకు విధించిన ప్రమాణముతోనే గ్రాండుమాస్టరు బిరుదము నందినది. అంత చిన్నతనమున దానిని అంతకుముందు ఏ స్త్రీయు పొందియుండలేదు. ఇరువది యేండ్లలోపువారి పోటీ యగుటచే 2004లోను బాలికలతో ఆడుట కామెకు అర్హత కలదు. అయినను కఠినతరమైన పరీక్షనే కోరుకొనెను.

64 గళ్ళ బల్లపై భుజబలముతో పని లేదు. ముట్టిన పావును ఎవరైనను జరుపక తప్పదు; గడియారము ఎవరికొఱకును ఆగదు. అట్లని బాలికల విభాగమును మేము నిరసింపము. పోటీలకు వచ్చు బాలికలు కొలదిమందియే యగుటచే వారికి ప్రోత్సాహ మవసరము. కాని వారి ప్రజ్ఞకు అదియే ఎల్లయని తలంచుట అన్యాయము.

ఈ అన్యాయము మన యిండ్లలోనే ఆరంభమగుచున్నది. కుమారుని దూరదేశపు పోటీలకు ఉత్సాహముతో పంపు తండ్రి, కుమార్తె విషయమున ప్రయాణవ్యయమును, పెండ్లి యీడును తలంచి వెనుదీయును. హంపి తండ్రి కోనేరు అశోక్ అధ్యాపక వృత్తిని మాని కుమార్తెకు శిక్షణ నొసగెను. అట్టి త్యాగము ప్రతి కుటుంబమునకును శక్యము గాదు.

కావున ఈ భారమును సంఘము వహింపవలెను. గ్రామ పాఠశాలలోను, పట్టణపు గ్రంథాలయములోను బాలబాలికలు కలిసి ఆడుటకు బల్లలు, గడియారములు సమకూర్చుట, పోటీలకేగు పేద బాలికల ప్రయాణవ్యయము భరించుట సంపన్నులకు కష్టము గాదు. ఒక్క పెండ్లిపందిరికి వెచ్చించు ధనములో అల్పభాగము ఒక గ్రామమునకు చాలును. మా పాఠకులు తమ తమ గ్రామములలో ఈ కార్యమునకు పూనుకొందురని ఆశించుచున్నాము.