జీవకణపు లాకులు



మన చిట్టమూరు సీమకు తూర్పున బకింగుహాము కాలువ గలదు. పూర్వము ఉప్పు, కట్టెలు మోసిన పడవలు ఆ కాలువ లాకులను దాటిన విధము పెద్దలు వినియుందురు. లాకునకు రెండు తలుపులు. ఒకటి తెరచినపుడు రెండవది మూసియుండవలెను. రెండును ఒక్కమారు తెరచినచో మెట్టనీరంతయు పల్లమునకు పారిపోవును. మన దేహమునందును ఇట్టి లాకులే గలవు.

దేహమందలి ప్రతి జీవకణమును క్రొవ్వుతో నైన పలుచని పొర చుట్టియుండును. నీట కరగు పదార్థములు చాలవరకు దానిని తమంతట దాటజాలవు. కనుక పొరయందు మాంసకృత్తులతో నేర్పడిన ద్వారములు గలవు. ఇవి మొదట వెలుపలికి తెరచుకొని, తగిన పదార్థమును పట్టుకొని, ఆ వైపు మూసికొని, పిమ్మట లోపలికి తెరచుకొనును.

మనము పప్పో, చేపయో భుజించితిమనుకొందము. అందలి మాంసకృత్తులు జీర్ణమై, కొంతభాగము రెండు మూడు కొలుకులు గల గొలుసు తునుకలగును. వీనికి పెప్టైడులని పేరు. చిన్నప్రేవునందలి పెప్ట్-1 అను ద్వారము వీనిని లోనికి గొనును. అందుకు బలమెక్కడిది? కణమునకు వెలుపల ఆమ్లకణములు మెండు, లోపల కొలది. నీరు పల్లమునకు దిగునట్లు అవి లోనికి దిగుచు పెప్టైడును వెంటగొనిపోవును. మూత్రపిండములందలి పెప్ట్-2, వడగట్టబడిన పెప్టైడులను వృథాపోనీయక మరల గ్రహించును. మానవులయందలి యీ రెండు ద్వారముల రూపమును శాస్త్రజ్ఞులు 2021లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో జూచిరి. సెఫలెక్సిను అను మందు పెప్టైడును పోలియుండుటచే ఈ దారినే లోన బ్రవేశించును. కావున సూదితో పనిలేక మ్రింగిననే చాలును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలికామ్లమును గూర్చి పరిశోధన నడపిరి. దానిని పోలిన అమినోప్టెరిను అచ్చటనే పుట్టినది. బోస్టను వైద్యుడగు సిడ్నీ ఫార్బరు దానిని రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి, కొందరికి కొంతకాలము నెమ్మదించుటను 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ యేడే గతించిరి. ఆ మందు తోబుట్టువే మెథోట్రెక్సేటు. ఫోలేటులను గొనివచ్చు ద్వారము దీని వేషమునకు మోసపోయి లోనికి రానిచ్చును. లోనజేరి యిది కణవృద్ధి నాపును. కొన్ని క్యాన్సరు కణములు ఆ ద్వారములను తగ్గించుకొని మందునకు లొంగకుండుటయు గలదు.

మెథోట్రెక్సేటును నేడు కీళ్లవాతమునకు సాధారణముగ వారమున కొకమారే యిత్తురు. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఏలన, ఆ ద్వారమునకు రోగకణము, మంచికణమను భేదము తెలియదు. ఆ భేదము నెరిగి మోతాదును నిర్ణయించువాడు వైద్యుడు. ఆయన వ్రాసిన చీటీని అక్షరమెరుగని యిరుగుపొరుగులకు నిదానముగ చదివి, తిథి కాదు, వారము పేరు చెప్పి, జ్ఞాపకముంచుట చదువుకొన్న మన విధి.