ఆకాశం తేటపడితే చాలునా?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బండ్లు, ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో పంజాబులోని జలంధర్ మేడల మీద నుండి ధౌలాధార్ మంచుకొండలు కనిపించాయి. గాలి బాగుపడిందని అందరూ సంతోషించారు. అది నిజమే. అయితే ఆ రోజుల్లో మనమున్నది నాలుగు గోడల మధ్య! కట్టెల పొయ్యి, దోమల కాయిల్, బీడీల పొగ ఇంట్లోనే ఉంది. గాలి ఆడని గదిలో కరోనా వైరస్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది (చలిగాలి తగులుతుందని కిటికీలు బిగించే అలవాటు మనది). ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని ధూళికణం వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు. కంటికి కనబడదు. కనుక ఆకాశం నీలంగా ఉన్నదని ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ మానవద్దని మా మనవి. డాక్టరుగారిని అడగకుండా ఆపకండి. వంట చేసేటప్పుడు కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. పసిబిడ్డను పొయ్యి దగ్గర పడుకోబెట్టకండి.