గోరుకు తగిలే మెట్టు

ఖమ్మం నుంచి ఓ పాఠకుడు రాశారు: "నా బైకు పొగ పెడుతోంది. బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయమంటే మెకానిక్ నవ్వాడు. 'ఇది కోటింగు బోరు సార్, బోరింగు కుదరదు, బ్లాకే మార్చాలి' అన్నాడు. నన్ను మోసం చేస్తున్నాడా?"

లేదండీ. అతను చెప్పింది ముప్పాతిక వంతు నిజం. మిగతా పాతిక చివర్లో చెబుతాను. 

ముందు రెండు ముక్కలు. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టమే బోరు. దాన్ని పోత ఇనుముతో చేసినన్నాళ్లూ పూతల గొడవ పెద్దగా లేదు. ఇనుము బరువు. అల్యూమినియం తేలిక, వేడిని ఇనుముకన్నా చాలా త్వరగా బయటికి లాగేస్తుంది. కానీ మెత్తన. పిస్టన్ చుట్టూ ఉండే రింగు రాసుకుంటే చారలు పడి అంటుకుపోతుంది. అందుకని లోపల ఇనుప స్లీవు దిగ్గొట్టాలి, లేదా గట్టి పూత వేయాలి. ఇక అసలు సంగతి.

కాలేజీ రోజుల్లో మా ఆర్‌ఎక్స్ 100 బైకు బ్లాకు పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఓ లేత్ షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన గేజీ తీయకముందే చూపుడు వేలు బోరులో పెట్టి పై అంచు దగ్గర గోరుతో గీకాడు. "చెయ్యి పెట్టి చూడు బాబూ" అన్నాడు. కిరసనాయిలు జిడ్డులో వేలు పెట్టాను. మధ్యలో నున్నగా జారిన గోరు, పైకి రాగానే టక్కున ఆగింది. సన్నటి మెట్టు. దాని కింద ఇనుము అరిగింది, పైన కొత్తప్పటిలాగే ఉంది. మొత్తం గొట్టంలో అక్కడే ఎందుకు అరిగింది? ఆ ప్రశ్న అప్పటి నుంచీ నా గోట్లోనే ఉండిపోయింది.

చెరువులోకి పెంకు ముక్క అడ్డంగా విసిరితే నీటి మీద కప్పలా గంతులేస్తూ పోతుంది. వేగం ఉన్నంతసేపూ నీరు దాన్ని మోస్తుంది, వేగం తగ్గగానే బుడుంగున మునుగుతుంది. రింగుదీ అదే కథ. వేగంగా జారుతున్నప్పుడు దాని అంచు కిందికి నూనె చొరబడి పల్చటి పొరగా నిలిచి, రింగునూ గోడనూ విడదీస్తుంది. ఆ పొర మందం మైక్రోమీటర్ల లెక్క. కానీ పిస్టన్ పైకొచ్చి కిందికి మళ్లాలంటే ఓ క్షణం ఆగాలి. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే, సెకనుకు 100 సార్లు పైన ఆగుతుంది. ఆగగానే పెంకు మునుగుతుంది.

సరిగ్గా అప్పుడే పైన పెట్రోలు మండుతుంది. ఆ వాయువు రింగు గాడిలోకి దూరి, వెనక నుంచి రింగును గోడకేసి నొక్కుతుంది. ఫోర్ స్ట్రోకులో సెకనుకు 50 సార్లు ఈ నొక్కుడు. నూనె కనిష్ఠం, ఒత్తిడి గరిష్ఠం, వేడి చెప్పనక్కర్లేదు, మూడూ ఒకే చోట! కింద మలుపులో కూడా పిస్టన్ ఆగుతుంది, అయితే అక్కడ నొక్కేవాడు లేడు. అందుకే అరుగుదల పైనే ఎక్కువ.

మరి గట్టి లోహంతో అద్దంలా నున్నగా పూత పూస్తే పోలేదా? చాలామంది అలాగే అనుకున్నారు, పప్పులో కాలేశారు. హార్డ్ క్రోమియం ఎంత గట్టిదో అంత నునుపు. ఆ నునుపు మీద నూనె నిలవదు. దీన్ని దారికి తెచ్చినవాళ్లలో హెండ్రిక్ వాన్ డెర్ హార్స్ట్ అనే డచ్చి ఇంజనీరు నాకు ఇష్టుడు. ఆయన పద్ధతిలో క్రోమియం పూశాక కరెంటును తిరగేసి, పూసిన దాన్నే కొంచెం కొరికించి, నూనె దాగడానికి సన్నటి పగుళ్లూ గుంటలూ చేస్తారు. అందంగా పూసి చేజేతులా చెడగొట్టడమన్నమాట. మన రోళ్లకు కక్కు కొట్టడం గుర్తొస్తుంది. కాకపోతే అక్కడ గరుకు గింజను పట్టడానికి, ఇక్కడ నూనెను పట్టడానికి.

నికాసిల్ అనే పూత కథ ఇంకా వింత. జర్మనీకి చెందిన మాలే కంపెనీ 1967లో వాంకెల్ ఇంజన్ల కోసం దీన్ని తెచ్చింది. వాటిలో పిస్టన్ ఉండదు, మూడు మూలల రోటరు గిరగిరా తిరుగుతుంది. దాని మూలల్లోని సీలు గోడ మీద గడగడా అదిరి వరసగా గాట్లు పెట్టేది. జపాన్‌లో మాజ్దా ఇంజనీర్లు వాటికి దెయ్యపు గోటి గీతలని పేరు పెట్టారు. వాళ్లు సీలు ఆకారం మార్చి అదురు తగ్గించారు. జర్మన్లు గోడ సంగతి చూశారు.

నికెల్ లవణాల ఆకుపచ్చ ద్రావణంలో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి, అడుక్కు దిగకుండా కలియబెడుతూ కరెంటు పెడతారు. సిలికాన్ కార్బైడ్ అంటే సానరాళ్లలో వాడే కార్బొరండమే. ఇంజన్‌లోకి గుప్పెడు పోస్తే గంటలో బోరు గోవిందా. దాన్నే తెచ్చి గోడకు పూస్తున్నారు!

బోరు గోడ మీద నికెల్ పరమాణువు మీద పరమాణువుగా పేరుకుంటుంటే, కొన్ని మైక్రోమీటర్ల సైజు రేణువు వచ్చి వాలుతుంది. అది కదిలేలోపు నికెల్ చుట్టూ పెరిగి దాన్ని పాతేస్తుంది. దానిమీద ఇంకో పొర, ఇంకో రేణువు. అరిసె మీద నువ్వుల్లా పైపైన ఉండవివి, పల్లీ పట్టీలో పలుకుల్లా లోతంతా ఉంటాయి. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని ఆ మందంలో ఎంత అరిగినా అడుగున కొత్త పలుకు సిద్ధం. (అల్యూమినియానికి గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, దానిమీద పూస్తే పాత సున్నంలా రాలుతుంది. అందుకని ముందు జింకు ద్రావణంలో ముంచుతారు. ఈ ఒక్క ముంచుడు మీదే ఓ వ్యాసం రాయొచ్చు, ఎడిటరు గారు ఒప్పుకోరు.)

ఆపైన వజ్రపు రాళ్లతో హోనింగ్ చేసి రేణువుల నెత్తులు చదును చేస్తారు, ఏటవాలు అడ్డగీతలు పెడతారు. ఇక పాత తారు రోడ్డును తలచుకోండి. తారు కాస్త అరిగి కంకర పైకి తేలుతుంది. బండ్ల బరువంతా కంకర మోస్తుంది, వాననీరు రాళ్ల సందుల్లో నిలుస్తుంది. ఇక్కడా అంతే. మెత్తటి నికెల్ రవ్వంత వెనక్కి తగ్గుతుంది, రేణువుల నెత్తులు రింగును మోస్తాయి, సందుల్లో నూనె ఉంటుంది. పెంకు మునిగే ఆ క్షణానికి కావలసింది సరిగ్గా ఆ నూనే.

1970ల మొదట్లో పోర్షె దీనితో బాగుపడింది. 911 కారెరా ఆర్‌ఎస్‌లో బోరును 84 నుంచి 90 మిల్లీమీటర్లకు పెంచగలిగారంటే, గోడ పల్చనైనా పని జరిపించిన ఈ పూత పుణ్యమే. రెండు దశాబ్దాలకు బీఎండబ్ల్యూ వీ8 ఇంజన్లు దీనితోనే దెబ్బతిన్నాయి. అప్పట్లో అమెరికా, బ్రిటన్ పెట్రోల్లో గంధకం ఎక్కువ. అది మండి, చల్లటి ఇంజన్ గోడ మీద చేరిన తేమతో కలిసి ఆమ్లమై నికెల్‌ను తినేసింది, అదీ పై మలుపు దగ్గరే. గంధకం తక్కువున్న చోట అవే ఇంజన్లు హాయిగా తిరిగాయి. గట్టిదనం కొలిచి మురిసిపోయినవాళ్లు పెట్రోలు బంకు సంగతి మరిచారు. మనకు ఆ భయం అక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 పెట్రోలే, అందులో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు.

ఇప్పుడు ఆ పాతిక వంతు. బోరింగు చేస్తే పూత కాస్తా పోయి మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది కాబట్టి కుదరదు. అయితే పాత పూత తీసి మళ్లీ పూయించవచ్చు, విదేశాల్లో అది మామూలు పని. మన వీధి చివర దొరకదు. ఇనుప స్లీవును రెండు మూడుసార్లు బోరు చేయించుకుని నడిపిన తరానికి, బ్లాకంతా కొనమంటే ఒళ్లు మండదా? నాకైతే మండుతుంది. యమహా ఆర్15 డయాసిల్ బోరులోనైతే పూత కూడా లేదు, 20 శాతం సిలికాన్ కలిపిన అల్యూమినియమే గోడ.

కానీ బ్లాకు కొనేముందు ఒక పని చేయండి. పొగంతా బోరు వల్లే రాదు. రింగులు అరిగినా, వాల్వు సీళ్లు ఎండిపోయినా వస్తుంది. హెడ్డు విప్పిన రోజు పిస్టన్ కిందికి దించి, మసి తుడిచి, టార్చి వేసి చూడండి. పై అంచు దాకా అడ్డగీతలు కనబడుతూ, గోరుకు మెట్టూ గాటూ తగలకపోతే బోరు చాలావరకు బతికే ఉన్నట్టు, ముందు రింగులూ సీళ్లూ అడగండి. ఓ ఫొటో నాకూ పంపండి.